పాడ్‌కాస్ట్‌కి మైకు, పెట్టె, హెడ్‌ఫోన్లు: మన ఇళ్లకు ఏవి సరిపోతాయి?

మా అమ్మమ్మది దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు ఆవిడ ఏం చూసిందో, ఆ రాత్రి ఎలా గడిపిందో, తెల్లారాక ఎవరెవర్ని వెతుక్కుంటూ తిరిగిందో నాకు చెబుతుంటే రికార్డు చేశాను. పాడ్‌కాస్ట్ కోసం నేను చేసిన మొదటి రికార్డింగ్ అది. చాలా మంచిదని నలుగురూ చెప్పిన కండెన్సర్ మైకు కొని, గచ్చు నేల హాల్లో, ఫ్యాను కింద, ఆవిడ కుర్చీకి మూడడుగుల దూరంలో పెట్టాను. ఇంటికొచ్చి హెడ్‌ఫోన్లలో వింటే ఫ్యాను చప్పుడు, గోడలకు తగిలి తిరిగొచ్చిన మోత, వీధిలో ట్రాక్టరు, వాటి అడుగున ఎక్కడో ఆవిడ గొంతు. మళ్లీ వెళ్లి అడిగాను. చెప్పింది గానీ మొదటిసారి చెప్పినట్టు చెప్పలేకపోయింది.

అందుకే ఎవరైనా "ఏ మైకు కొనమంటారు?" అని అడిగితే నేను ముందు మైకు పేరు చెప్పను. ఏ గదిలో మాట్లాడతారు, ఎంతమంది మాట్లాడతారు, కరెంటు పోతే ఏం చేస్తారు అని అడుగుతాను. ఆ జవాబులు తెలిస్తే సగం మైకులు జాబితాలోంచి వాటంతటవే తప్పుకుంటాయి.

## కొనేముందు తేల్చుకోవలసినవి

గది. రికార్డు చేయబోయే గది మధ్యలో నిలబడి గట్టిగా ఒకసారి చప్పట్లు కొట్టండి. చప్పుడు అక్కడికక్కడే ఆగిపోతే మంచి గది. టంగ్‌మని కాసేపు సాగితే మీ గొంతు కూడా అలాగే సాగుతుంది. మన ఇళ్లలో నేల టైల్సో గ్రానైటో, గోడలు సిమెంటు, కిటికీలకు పల్చటి కర్టెన్లు. ధ్వనిని పీల్చుకునేది ఏదీ ఉండదు. తర్వాత ఫోనులో అర నిమిషం పాటు ఏమీ మాట్లాడకుండా రికార్డు చేసి, హెడ్‌ఫోన్లలో సౌండు పెంచి వినండి. రోజూ ఆ ఇంట్లోనే ఉంటున్నా మనం పట్టించుకోని ఫ్రిజ్, పై అంతస్తులో కుర్చీ జరిపిన చప్పుడు, నీళ్ల మోటారు, రోడ్డు మీది హారన్లు అన్నీ అందులో ఉంటాయి.

దూరం. ఇది డబ్బు అడగని విషయం, కానీ డబ్బుతో కొనే ఏ వస్తువుకన్నా ఎక్కువ మేలు చేస్తుంది. నోటికీ మైకుకీ మధ్య దూరం రెట్టింపు అయినప్పుడల్లా నేరుగా మైకును చేరే గొంతు 6 డెసిబెల్స్ (శబ్దం స్థాయికి కొలత) పడిపోతుంది. జానెడు దూరంలో ఉన్న మైకును మూరెడుకు జరిపితే 6 డెసిబెల్స్ పోయినట్టే. ఫ్యాను చప్పుడు మాత్రం ఎక్కడ పెట్టినా ఇంచుమించు అంతే ఉంటుంది. మా అమ్మమ్మ ముందు మూడడుగుల దూరంలో పెట్టిన మైకును బెత్తెడు దూరానికి తెచ్చి ఉంటే ఆవిడ గొంతు 21 డెసిబెల్స్‌కు పైగా పెరిగేది. అంత తేడా ఇచ్చే మైకు ఏ దుకాణంలోనూ దొరకదు.

ఎంతమంది, ఎక్కడ. ఒక్కరే ఇంట్లో కూర్చుని చెప్పేదానికీ, ఇద్దరు ఎదురెదురుగా కూర్చునేదానికీ, ఊళ్లు తిరిగి మనుషుల్ని కలిసేదానికీ కావలసిన సామాను వేరు.

గెయిన్. మైకు నుంచి వచ్చే సంకేతం చాలా చిన్నది. దాన్ని పెద్దది చేయడమే గెయిన్. ఆ శక్తి మైకు వైరు తగిలించే పెట్టెకు ఉండాలి (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టెను ఇంటర్‌ఫేస్ అంటారు). ఇక్కడ లెక్క తప్పితే ఖరీదైన మైకు కొనీ వెనక "ఉస్స్" అనే సొద వింటూ ఉండాలి. దీని గురించి కింద వివరంగా చెబుతాను.

మన భాష. తెలుగులో ప, బ, భ, ఫ లాంటివి పలికినప్పుడు నోట్లోంచి గాలి తోసుకొచ్చి మైకుకు తగిలి "ధబ్" అంటుంది. శ, ష, స దగ్గర కొన్ని మైకులు చెవిలో గుచ్చినట్టు ఈలవేస్తాయి. అందుకే ఏ మైకు పరీక్షించినా నేను రెండు వాక్యాలు చదువుతాను. ఒకటి: "పాపాయి పుట్టినరోజుకి పప్పు, పులిహోర, బొబ్బట్లు, భక్ష్యాలు పెట్టారు." రెండోది: "సోమశేఖరం శనివారం శ్రీశైలం నుంచి సరాసరి సికింద్రాబాదు వచ్చాడు." మొదటి దాంట్లో ధబధబలు, రెండో దాంట్లో ఈలలు లేకపోతే ఆ మైకు మీ గొంతుకు నప్పినట్టే.

## డైనమిక్కా, కండెన్సరా?

ఏ మోడలు అన్న ప్రశ్న కన్నా ఇదే పెద్దది. డైనమిక్ మైకులో పల్చటి పొరకు తీగచుట్ట అంటుకుని ఉంటుంది, అది అయస్కాంతం మధ్య కదిలితే కరెంటు పుడుతుంది. మోటుగా వాడినా తట్టుకుంటుంది, దానికి విడిగా కరెంటు అక్కర్లేదు. కండెన్సర్ మైకులో పొర చాలా తేలిక, చిన్న చప్పుడుకీ స్పందిస్తుంది. పనిచేయడానికి పెట్టె నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి. యూఎస్‌బీ రకమైతే కంప్యూటర్ నుంచే తీసుకుంటుంది.

డైనమిక్ మైకు బయటి చప్పుళ్లను వడకట్టేస్తుందని చాలామంది అంటారు. ఆ మాట పూర్తిగా నిజం కాదు. అది వడకట్టదు. నోటికి బెత్తెడు దూరంలో పెట్టి వాడతాం కాబట్టి గెయిన్ తక్కువ సరిపోతుంది, అందువల్ల గది తక్కువ వినిపిస్తుంది. అదే మైకును మూరెడు దూరంలో పెట్టి గెయిన్ పెంచితే ఫ్యాను దర్జాగా వచ్చేస్తుంది. రెండు రకాలూ సాధారణంగా కార్డియాయిడ్ పద్ధతిలో, అంటే ముందు నుంచి బాగా, వెనక నుంచి తక్కువగా వింటాయి. కాబట్టి మైకు వీపు కిటికీ వైపో చప్పుడు వచ్చే వైపో ఉండేలా కూర్చోవడం కూడా మంచి ఉపాయం.

బట్టల బీరువాలు, పరుపు, దళసరి పరదాలు ఉన్న చిన్న పడగ్గది, అర్ధరాత్రి తర్వాత రికార్డు చేసే తీరిక ఉంటే ఆడియో-టెక్నికా ఏటీ2020, రోడ్ ఎన్‌టీ1 లాంటి కండెన్సర్లు గొంతులోని సన్నని తేడాల్ని కూడా అందంగా పట్టిస్తాయి. కథలు చదివేవాళ్లకు, ఆడియో పుస్తకాలు చేసేవాళ్లకు నేను వాటినే సూచిస్తాను. కోస్తాలో ఉండేవాళ్లు మాత్రం గాలిలో తేమ సంగతి చూసుకోవాలి. తేమ పట్టిన కండెన్సర్ చిటపటలాడుతుంది. వాడనప్పుడు సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో మూత పెట్టి ఉంచండి.

మిగతా అందరికీ డైనమిక్కే నా సలహా. పది ఇళ్లలో తొమ్మిదింటికి అదే సరైనదని నా అనుభవం.

## డైనమిక్ మైకులు ఒక్కొక్కటిగా

కింది పట్టికలో యూఎస్‌బీ అంటే నేరుగా కంప్యూటర్‌కు తగిలించేది. ఎక్స్‌ఎల్‌ఆర్ అంటే మూడు పిన్నుల మైకు వైరు, దానికి పెట్టె ఉండాలి. పాప్ ఫిల్టర్ అంటే ప, బ ల గాలి దెబ్బను ఆపడానికి మైకు ముందు పెట్టే తెర.

| మైకు | కలిపే విధం | ఎవరికి బాగుంటుంది | ముందే తెలుసుకోవలసినది |
|---|---|---|---|
| సామ్‌సన్ క్యూ2యూ | యూఎస్‌బీ, ఎక్స్‌ఎల్‌ఆర్ రెండూ | మొదటిసారి కొనేవాళ్లు | పాప్ ఫిల్టర్ తప్పనిసరి |
| షూర్ ఎస్‌ఎం58 | ఎక్స్‌ఎల్‌ఆర్ | ఊళ్లు తిరిగేవాళ్లు | ఇంటర్‌ఫేసో రికార్డరో ఉండాలి |
| రోడ్ పాడ్‌మైక్ | ఎక్స్‌ఎల్‌ఆర్ | బల్ల చుట్టూ కూర్చునే ఇద్దరు, ముగ్గురు | బరువు 937 గ్రాములు |
| షూర్ ఎంవీ7+ | యూఎస్‌బీ, ఎక్స్‌ఎల్‌ఆర్ రెండూ | ఒంటరిగా వీడియోతో సహా చేసేవాళ్లు | ఆటో లెవెల్ లాంటి సదుపాయాలు యూఎస్‌బీలోనే |
| ఎలక్ట్రో-వాయిస్ ఆర్‌ఈ20 | ఎక్స్‌ఎల్‌ఆర్ | కదులుతూ మాట్లాడే అతిథులు | పెద్దది, ఖరీదైనది |
| షూర్ ఎస్‌ఎం7బి | ఎక్స్‌ఎల్‌ఆర్ | స్థిరమైన గది ఉన్నవాళ్లు | గెయిన్ చాలా కావాలి |

క్యూ2యూ గురించి ముందు చెబుతాను, ఎందుకంటే ఎక్కువమందికి ఇదే చాలు. ఇవాళ నేరుగా లాప్‌టాప్‌కు యూఎస్‌బీతో పెట్టుకోవచ్చు. రేపు ఇంటర్‌ఫేస్ కొంటే అదే మైకును ఎక్స్‌ఎల్‌ఆర్ వైరుతో దానికి పెట్టుకోవచ్చు. మైకు అడుగునే హెడ్‌ఫోన్ రంధ్రం ఉంటుంది, స్టాండు, వైర్లు పెట్టెలోనే వస్తాయి. ఆడియో-టెక్నికా ఏటీఆర్2100ఎక్స్ కూడా ఇదే కోవలోది, దానికి టైప్-సి వైరు. ఈ రెండింటిలో మీ ఊళ్లో ఏది సులువుగా, గ్యారంటీతో దొరికితే అది తీసుకోండి. శబ్దంలో తేడా శ్రోతకు తెలిసేటంత లేదు.

ఎస్‌ఎం58 1966 నుంచి వస్తోంది. పెళ్లి కచేరీల్లో, సభల్లో మీరు చూసిన ఆ గుండు మైకు ఇదే. దాని జాలీ లోపలే స్పాంజి ఉంటుంది కాబట్టి గాలి దెబ్బలు కొంత తగ్గుతాయి. చేత్తో పట్టుకుని మాట్లాడినా గరగరలు తక్కువ. మన దేశంలో దీనికి నకిలీలు విపరీతం. అనుమానించాల్సినంత తక్కువ ధరకు ఎవరైనా ఇస్తామంటే వదిలేయండి. షూర్ అధీకృత విక్రేత బిల్లు చూపితేనే కొనండి. కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట్ల కొనేటప్పుడు అక్కడే పెట్టి విని చూడమని అడిగే హక్కు మీకుంది.

ఆర్‌ఈ20 1968 నాటిది, అమెరికా రేడియో స్టేషన్లలో తరాలుగా వాడుతున్నారు. మామూలు మైకుకు దగ్గరగా వెళ్తే గొంతు బరువెక్కుతుంది, దూరం జరిగితే పల్చబడుతుంది. దీనిలో ఆ తేడా చాలా తక్కువగా ఉండేలా నిర్మాణం చేశారు. మైకు ముందు కుదురుగా కూర్చోలేని అతిథులు ఎక్కువగా వచ్చేవాళ్లకు ఇది నిజంగా ఉపయోగం. అందరి దగ్గరా కనబడదు గనుక దీన్ని మర్చిపోతారు, కానీ డబ్బు ఉండి ఒక్క మైకే కొనాలంటే నేను ఎస్‌ఎం7బి కన్నా దీన్నే ఎంచుకుంటాను.

### ఎస్‌ఎం7బి కొనాలా?

ప్రతి వీడియో పాడ్‌కాస్ట్‌లోనూ ఇదే కనిపిస్తుంది, అందుకే ఇదే కావాలనిపిస్తుంది. మంచి మైకే. గొంతును మెత్తగా, నిండుగా పట్టిస్తుంది, శ, స లను గుచ్చనివ్వదు. చిక్కంతా దాని నుంచి వచ్చే సంకేతం బాగా చిన్నది కావడంలో ఉంది. మామూలుగా మాట్లాడే గొంతుకు దానికి సుమారు 60 డెసిబెల్స్ గెయిన్ కావాలి. ఫోకస్‌రైట్ వాళ్ల పాత ఇంటర్‌ఫేస్ స్కార్లెట్ మూడో తరం 2ఐ2 లో గరిష్ఠంగా 56 ఉండేది. దానికి ఈ మైకు తగిలించి గెయిన్ చివరిదాకా తిప్పినా గొంతు సన్నగానే వచ్చేది. అప్పుడు మధ్యలో క్లౌడ్‌లిఫ్టర్ అనే చిన్న డబ్బా కొనాలి, అది 25 డెసిబెల్స్ కలుపుతుంది. అంటే మైకు, డబ్బా, ఇంటర్‌ఫేస్, ముప్పాతిక కిలో బరువును మోసే గట్టి బూమ్ ఆర్మ్ (బల్లకు బిగించి మైకును నోటి దగ్గరికి జరుపుకునే చెయ్యి): నాలుగు ఖర్చులు. 2023లో వచ్చిన ఎస్‌ఎం7డీబీలో ఆ గెయిన్ డబ్బా లోపలే ఉంది, 18 గానీ 28 గానీ డెసిబెల్స్ పెంచుకోవచ్చు. ఎస్‌ఎం7 కుటుంబంలో ఏదైనా కొనాలని పట్టుదల ఉంటే డీబీ తీసుకోండి.

కానీ ఆ డబ్బుతో ఇద్దరికి రెండు పాడ్‌మైకులు, రెండు ఛానెళ్ల ఇంటర్‌ఫేస్, రెండు హెడ్‌ఫోన్లు వస్తాయి. మైకు ఒక్కటే ఉండి, పక్కన కూర్చున్న అతిథి దాని వైపు వంగి మాట్లాడే ఎపిసోడ్ కన్నా, ఇద్దరికీ తలో మధ్యరకం మైకు ఉన్న ఎపిసోడ్ వినడానికి ఎంతో హాయిగా ఉంటుంది.

## పెట్టె: ఇంటర్‌ఫేసా, రికార్డరా, కన్సోలా?

యూఎస్‌బీ మైకు ఒక్కటైతే పెట్టె అక్కర్లేదు. అయితే ఇద్దరు మాట్లాడుతున్నారని రెండు యూఎస్‌బీ మైకులు కొనకండి. విండోస్‌లో రెండిటినీ ఒకేసారి రెండు ట్రాకులుగా రికార్డు చేయడం తలనొప్పి. మాక్‌లో రెండు కలిపి ఒక పరికరంగా చూపే ఏర్పాటు ఉంది గానీ, ఒక్కో మైకు గడియారం ఒక్కో వేగంతో నడుస్తుంది కాబట్టి గంట గడిచేసరికి రెండు గొంతులూ పొంతన తప్పవచ్చు. ఇద్దరంటే ఎక్స్‌ఎల్‌ఆర్ మైకులు, రెండు రంధ్రాల పెట్టె. ఇందులో సందేహం అక్కర్లేదు.

| పెట్టె | ఎన్ని మైకులు | గరిష్ఠ గెయిన్ | కంప్యూటర్ లేకుండా నడుస్తుందా |
|---|---|---|---|
| ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో (4వ తరం) | 1 | 57 డెసిబెల్స్ | లేదు |
| ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 (4వ తరం) | 2 | 69 డెసిబెల్స్ | లేదు |
| జూమ్ పాడ్‌ట్రాక్ పి4 | 4 | 70 డెసిబెల్స్ | అవును, ఏఏ బ్యాటరీలతో కూడా |
| రోడ్‌కాస్టర్ డుయో | 2 | 76 డెసిబెల్స్ | అవును, గోడ కరెంటుతో |
| రోడ్‌కాస్టర్ ప్రో 2 | 4 | 76 డెసిబెల్స్ | అవును, గోడ కరెంటుతో |

సోలోకీ 2ఐ2 కీ ధరలో తేడా చూసి చాలామంది సోలో తీసుకుంటారు. నేను వద్దంటాను. పన్నెండు డెసిబెల్స్ గెయిన్ తేడాతో పాటు, 2ఐ2 లో గెయిన్ దానంతటదే సరిచేసుకునే ఏర్పాటు, ఉన్నట్టుండి గట్టిగా నవ్వినా గొంతు పగలకుండా కాపాడే క్లిప్ సేఫ్ ఉన్నాయి. మన కబుర్లలో నవ్వులు ఎక్కువ, కాబట్టి అది పనికొస్తుంది. దీనికున్న లోటు హెడ్‌ఫోన్ రంధ్రం ఒక్కటే ఉండడం. ఇద్దరూ వినాలంటే ఒక చీలిక వైరో, చిన్న హెడ్‌ఫోన్ యాంప్లిఫయరో కావాలి.

పాడ్‌ట్రాక్ పి4 మీద నాకు ప్రత్యేకమైన అభిమానం, దాచుకోను. నాలుగు మైకులు, నాలుగు హెడ్‌ఫోన్లు, ఎస్‌డీ కార్డులో ఎవరి గొంతు వాళ్ల ఫైల్లో విడిగా, ఫోను తగిలిస్తే అవతలి మనిషి మాట కూడా ఒక ట్రాకు. అతిథికి తన మాట తనకే తిరిగి వినపడకుండా చూసే మిక్స్-మైనస్ కూడా లోపలే ఉంది. రెండు ఏఏ బ్యాటరీలు వేస్తే కరెంటుతో పనే లేదు. ఒకసారి లాప్‌టాప్‌లో రికార్డు చేస్తున్నప్పుడు కరెంటు పోయింది, లాప్‌టాప్ బ్యాటరీ పాతది, నలభై నిమిషాల సంభాషణ సేవ్ కాకుండానే పోయింది. వేసవిలో రికార్డు చేసేవాళ్లు ఈ కోణం తప్పక చూడాలి. దీని లోపం ఏమిటంటే 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్‌కే రికార్డు చేస్తుంది. మాటలకు అది చాలు, కానీ గెయిన్ మరీ తక్కువ పెట్టి తర్వాత పెంచుకుందాం అంటే కుదరదు. ముందే సరిగ్గా పెట్టుకోవాలి.

కన్సోల్ అనేది రోడ్‌కాస్టర్ లాంటి పెట్టెల్నే. అవి బాగుంటాయి, సంగీతం ముక్కలు బటన్ నొక్కి వేయొచ్చు, గొంతును అక్కడికక్కడే మెరుగుపరచొచ్చు. వారానికి రెండు మూడు ఎపిసోడ్లు చేస్తూ, ఎడిటింగ్ సమయం తగ్గించుకోవాలనుకునే జట్టుకు పెట్టిన డబ్బు తిరిగొస్తుంది. నెలకు ఒకటి చేసేవాళ్లకు అక్కర్లేదు.

### కరెంటు హమ్

రికార్డింగ్‌లో "గుంయ్" మని సన్నగా మోగుతుంటే మైకును తిట్టుకోకండి. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ మోత అక్కడి నుంచే వస్తుంది. చాలా ఇళ్లలో సాకెట్‌కు ఎర్తింగ్ సరిగా ఉండదు. మొదట లాప్‌టాప్ ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద రికార్డు చేసి చూడండి, చాలాసార్లు అక్కడితో పోతుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ నడుస్తున్నప్పుడు, అది స్క్వేర్ వేవ్ రకమైతే, ఫ్యాన్లు మామూలుకన్నా ఎక్కువ మోగుతాయి, ఆ బుర్రుమనే శబ్దం పెట్టెలోకీ దిగుతుంది. ఎక్స్‌ఎల్‌ఆర్ వైర్లు బ్యాలెన్స్‌డ్ కాబట్టి దారిలో పుట్టే మోతను చాలావరకు కొట్టేస్తాయి. 3.5 మిల్లీమీటర్ల పిన్ను మైకులకు ఆ రక్షణ లేదు.

## చెవులు, గోడలు, స్టాండు

హెడ్‌ఫోన్లు చెవిని పూర్తిగా మూసే రకం, వైరుతో ఉన్నవి కావాలి. సోనీ ఎండీఆర్-7506, ఆడియో-టెక్నికా ఎం20ఎక్స్ రెండూ నమ్మదగినవి. రెండోది చవక, మొదటిది శ, స ఈలల్ని నిర్దాక్షిణ్యంగా పట్టి చూపిస్తుంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్లతో రికార్డింగ్ వినకండి, మన మాట మనకు ఆలస్యంగా వినిపించి నాలుక తడబడుతుంది.

గోడలకు గుడ్ల అట్టలు అంటించడం వల్ల ఉపయోగం లేదు. పల్చటి స్పాంజి పలకలు కూడా పై స్వరాల్నే కొంచెం పీల్చుకుంటాయి, గది డొల్లతనం అలాగే ఉంటుంది. వాటికన్నా ఇంట్లో ఉన్న బొంతలు, రజాయిలు, పరుపు మేలు. మాట్లాడేవాళ్ల వెనక గోడకు, పక్క గోడకు దళసరి బొంత వేలాడదీసి, కింద జంపఖానా పరచి మళ్లీ చప్పట్లు కొట్టి చూడండి.

బూమ్ ఆర్మ్ కొనేటప్పుడు మైకు బరువు చూసుకోండి. పాడ్‌మైక్ దాదాపు కిలో. చవక ఆర్మ్ మెల్లగా కిందికి వంగిపోతుంది, అరగంటకోసారి పైకి లేపుతూ కూర్చోవాలి.

## మీరు ఎవరు, మీకేది?

ఒంటరిగా, ఇంట్లో, ఇప్పుడే మొదలు. క్యూ2యూ లేదా ఏటీఆర్2100ఎక్స్, ఒక పాప్ ఫిల్టర్, వైరు హెడ్‌ఫోన్లు, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. పది ఎపిసోడ్లు పూర్తయ్యేదాకా ఇంకేమీ కొనకండి. పదో ఎపిసోడ్ నాటికి మీకు ఏం తక్కువైందో మీకే తెలుస్తుంది.

ఇద్దరు, ఒకే బల్ల. రెండు పాడ్‌మైకులు లేదా రెండు ఎస్‌ఎం58లు, 2ఐ2 లేదా పి4. ఒకరి మైకులోకి ఇంకొకరి గొంతు దూరకుండా, నోటికీ మైకుకీ ఉన్న దూరానికి కనీసం మూడింతలు రెండు మైకుల మధ్య ఉంచండి. బెత్తెడు దూరంలో మాట్లాడితే మైకుల మధ్య జానెడు చాలు, కానీ మూరెడు ఉంటే ఇంకా మంచిది.

అమెరికాలో అతిథి. ఇక్కడ మనకు ఉదయం ఏడైతే డల్లాస్‌లో వేసవి రోజుల్లో ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. ఇద్దరికీ కుదిరే ఆ గంటలో నెట్ సరిగా లేకపోతే మొత్తం పోతుంది. అందుకని కాల్‌ను అలాగే రికార్డు చేయకండి. రివర్‌సైడ్, జెన్‌కాస్టర్ లాంటివి ఎవరి కంప్యూటర్లో వాళ్ల గొంతును అక్కడే రికార్డు చేసి తర్వాత పంపుతాయి, మధ్యలో నెట్ గరగరలాడినా ఫైలు చెడదు. అతిథి దగ్గర మైకు లేకపోతే ఫోనులోని వాయిస్ రికార్డర్ ఆన్ చేసి నోటికి జానెడు దూరంలో, బట్టల బీరువా ఉన్న గదిలో కూర్చోమనండి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ల మైకు కన్నా అది నయం.

వీడియో కూడా. మైకు మొహానికి అడ్డం రాకూడదంటే కాలర్ మైకులే గతి అనుకుంటారు. బోయా బీవై-ఎం1 లాంటి వైరు కాలర్ మైకు వెయ్యి రూపాయల స్థాయిలో మంచి పని చేస్తుంది, దాని వైరు 6 మీటర్లు. కానీ అది అన్ని వైపుల నుంచీ వినే రకం, కాబట్టి మోగే గదిలో మోతంతా వస్తుంది. పట్టుచీర, కంఠాభరణం, కండువా రాసుకుంటే ఆ గరగర ఎడిటింగ్‌లో పోదు. మైకు కనబడితే కనబడనివ్వండి, నోటి దగ్గరే పెట్టండి అన్నది నా మాట. చూసేవాళ్లు మైకును క్షమిస్తారు, వినపడని మాటను క్షమించరు.

ఊళ్లు తిరిగి మనుషుల్ని రికార్డు చేసేవాళ్లు. ఇది నా దారి, కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను. రెండు ఎస్‌ఎం58లు, రెండు చిన్న బల్ల స్టాండ్లు, పి4, అదనంగా నాలుగు ఏఏ బ్యాటరీలు, రెండు ఎస్‌డీ కార్డులు. ఇదంతా ఒక భుజం సంచిలో పడుతుంది. ఇంకో దారి జూమ్ హెచ్4ఎసెన్షియల్. దానికి రెండు ఎక్స్‌ఎల్‌ఆర్ రంధ్రాలు, పైన సొంత మైకులు ఉన్నాయి. 32 బిట్ ఫ్లోట్‌లో రికార్డు చేస్తుంది కాబట్టి గెయిన్ నాబ్ అంటూ ఉండదు. మెల్లగా చెప్పే ముసలివాళ్లు ఉన్నట్టుండి ఏడ్చినా, గట్టిగా పిలిచినా ఫైలు పగలదు, తర్వాత సరిచేసుకోవచ్చు. సాంకేతికం అంతగా తెలియనివాళ్లు ఒక్కరే వెళ్లేటట్టయితే ఇదే మేలు. అయితే ఫ్లోట్ రికార్డింగ్ ఫ్యాను చప్పుడును తీసెయ్యదు, దూరంగా పెట్టిన మైకును దగ్గరికి తేదు. పి4 లో మాత్రం నాలుగు మైకులు, నాలుగు హెడ్‌ఫోన్లు ఉంటాయి. ఎదుటివాళ్లకు హెడ్‌ఫోన్లు పెట్టి తమ గొంతు తమకు వినిపిస్తే వాళ్లు మైకుకు తగినంత దగ్గరగా వాళ్లంతట వాళ్లే వస్తారు. ఈ ఒక్క కారణంతో నేను పి4 వైపు ఉన్నాను.

కార్డు స్థలం గురించి దిగులు పడక్కర్లేదు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో ఒక గొంతు గంటకు సుమారు 520 మెగాబైట్లు తీసుకుంటుంది. 32 జీబీ కార్డులో అరవై గంటలు పడుతుంది. గెయిన్ పెట్టేటప్పుడు గట్టిగా మాట్లాడిన చోట సౌండు స్థాయి చూపే ముల్లు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా చూసుకోండి. చివరి ఫైలును స్టీరియోలో మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు (ఎపిసోడ్ మొత్తమ్మీద ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) తెస్తే, ఆపిల్ పాడ్‌కాస్ట్స్ సూచించే స్థాయి అదే, శ్రోత మన ఎపిసోడ్‌కు వచ్చినప్పుడు సౌండు పెంచుకోవాల్సిన పని ఉండదు.

పెద్దవాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు మైకులు వెంటనే బయటికి తీయను. ముందు కాఫీ తాగి, ఏ గదిలో కూర్చోవాలో చూసుకుంటాను. హాలు కన్నా మంచం, పరుపు, దండెం మీద బట్టలు ఉన్న లోపలి గది నయం. ఫ్యాను ఆపుతాం కాబట్టి ఎండ తగ్గాకే మొదలుపెడతాను, ఇరవై నిమిషాలకోసారి ఆపి ఫ్యాను వేస్తాను. కుక్కర్ కూతలు, గుడి మైకు వస్తే మాట ఆపమని చెప్పను, ఆగాక ఆ ముక్క మళ్లీ అడుగుతాను. మైకును గడ్డానికి కొంచెం కింద, పక్కగా, బెత్తెడు దూరంలో పెడతాను. అలా పెడితే గాలి దెబ్బ తగలదు, మొహానికి అడ్డం ఉండదు.

చివర్లో అందరినీ అర నిమిషం ఏమీ మాట్లాడకుండా కూర్చోమంటాను. ఆ ఖాళీ గది శబ్దం ఎడిటింగ్‌లో అతుకులు కనపడకుండా చేయడానికీ, సొద తగ్గించే సాఫ్ట్‌వేర్‌కు నమూనాగానూ కావాలి. మా అమ్మమ్మను రెండోసారి రికార్డు చేసినప్పుడు ఆ అర నిమిషం కూడా ఉంది. ఆవిడ ఊపిరి తీసుకోవడం, గాజులు ఒకసారి చప్పుడు చేయడం అందులో స్పష్టంగా వినబడతాయి.